చెంబరత్తి అనకూడని ఇల్లు

పంకజాక్షి చేచితో నా పరిచయం పూలతో మొదలైంది, అదీ అడగకూడని పూలతో. మా ఆయనకి ఒల్లూరు స్టేషన్‌కి బదిలీ అయి, ఆ సందులో ఇల్లు తీసుకున్న కొత్తలు. మలయాళం నాకు కూరగాయలు కొనుక్కునేంత వరకే వచ్చు. శుక్రవారం పూజకి పూలు కావాల్సివచ్చింది. సందులో ప్రతి ఇంటికీ ఎర్రమందారం కంచె ఉంది గానీ ఎవరితోనూ పలకరింపులు లేవు. ఎదురింటి తలుపు ఒక్కటే తీసి ఉంది. ఆ ఇంటికే కంచె లేదన్న సంగతి గమనించకుండా వెళ్ళి నిలబడ్డాను.

"చేచీ, మందారం ఉందా?" అన్నాను. నాకంటే పెద్దది కనక చేచి అన్నాను, అక్కడ అక్కని అలాగే పిలుస్తారు.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ చివర వారియర్ మాస్టారింట్లో ఉంది. కానీ ఇప్పుడు పూయదే."

పూయకపోవడమేమిటి, సందంతా ఎర్రగా విరగబూసి ఉంటే! వాళ్ళ మందారం వేరనీ, అక్కడ ఆ పేరుతో పిలిచేది తెల్లపూల దేవకాంచనం చెట్టుననీ నాకెవరు చెప్పారు? నేను వదిలిపెట్టే రకాన్ని కాను. చేతులు తిప్పుతూ వర్ణించడం మొదలుపెట్టాను. ఎర్రగా ఉంటుంది, అయిదు రేకులుంటాయి, మధ్యలోంచి ఇంత పొడుగు కాడ వస్తుంది, ఆకు నూరితే జిగురొస్తుంది, తలకి రుద్దుకుంటారు. నేను చెబుతున్నకొద్దీ ఆవిడ మొహంలో రంగు మారిపోతోంది. వెనకాల ఆవిడ భర్త గంగాధరన్ సగం గడ్డం గీసుకుని, సగం నురగతో నిలబడి, చెప్పొద్దు చెప్పొద్దని చేతులూపుతున్నాడు. నోటి మీద వేలు పెట్టుకున్నాడు. తర్వాత చెవి వెనక వేలు పెట్టి చూపించాడు. నేను ఆయన చెవికేదో అయిందనుకున్నాను.

"అది మా ఇంట్లో లేదు" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ చెవి సంగతి మర్నాడు తెలిసింది. మందారాన్ని వాళ్ళు చెంబరత్తి అంటారు. దేవుడికి పెడతారు, తలకి ఆకు రుద్దుకుంటారు, ఇంటికి కంచె వేసుకుంటారు. అదే పువ్వు చెవి వెనక పెట్టుకుంటే మాత్రం పిచ్చి. ఎవడైనా తలాతోకా లేకుండా మాట్లాడితే, "వీడి చెవిలో చెంబరత్తి పెట్టండ్రా" అంటారు. బళ్ళో పిల్లలు, చాయకొట్టు దగ్గర కూచునేవాళ్ళు, అందరూ అంటారు, నవ్వుతారు. నాకూ ఇప్పుడు అలవాటైపోయింది. కానీ పంకజాక్షి చేచి ముందు ఆ నవ్వు ఎవరూ నవ్వకూడదు.

గంగాధరన్ చేట్టన్ (అన్నని అక్కడ చేట్టన్ అంటారు) మా ప్రహరీ దగ్గర నిలబడి గొంతు తగ్గించి, నాకు అర్థమయ్యేలా ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. "తప్పుగా అనుకోకు చెల్లీ. మా అమ్మాయి శ్రీకల పుట్టాక పంకజాక్షికి నిద్ర కరువైంది. ఆ తర్వాత మాట తేడా వచ్చింది. బిడ్డని ఎవరో మార్చేశారనేది. మాకేం తెలుసు? ఆలస్యం చేశాం. చివరికి ఆసుపత్రిలో పెట్టాల్సొచ్చింది, నెలల తరబడి. నయమై వచ్చింది. వచ్చాక మొదటిసారి ఒక పెళ్ళికి తీసుకెళ్ళాను. భోజనాల్లో దీని విస్తరి పక్కన ఎవడో ఎర్ర చెంబరత్తి పువ్వొకటి పెట్టి పోయాడు. అన్నం కలుపుతూ చూసింది. లేచి వచ్చేసింది. ఇంటికొచ్చి కత్తి తీసుకుని కంచె మొత్తం తనే నరికేసింది. అప్పట్నుంచీ మా ఇంట్లో ఆ మాట అనం."

ఇంకొకటి కూడా ఆయన చెప్పాడు. ఆసుపత్రి నుంచి వచ్చి చేచి చేతులు చాపితే, నానమ్మ చంకలో ఉన్న శ్రీకల కొత్త మనిషిని చూసినట్టు చూసి గుక్కపట్టి ఏడ్చిందట. ఆ తర్వాత చేచి ఏ పసిబిడ్డనీ ఎత్తుకోలేదు. నాకు కొడుకు పుట్టినప్పుడు సందులో ఆడవాళ్ళంతా వచ్చి ఎత్తుకుని ముద్దాడితే, చేచి మాత్రం గుమ్మం బయట నిలబడి, "కళ్ళు నీవే" అని చెప్పి వెళ్ళిపోయింది. ఎవరన్నా బిడ్డనందించబోతే చేతులు వెనక్కి పెట్టుకునేది. నాకు ఆ చేతుల్ని చూస్తే కోపమొచ్చేది. ఆవిడ మీద కాదు, ఆ పెళ్ళి భోజనాల దగ్గర పువ్వు పెట్టినవాడి మీద. వాడెవడో తెలిస్తే వాడి రెండు చెవుల్లోనూ నేనే పెట్టేదాన్ని.

గంగాధరన్ చేట్టన్ ప్రైవేటు బస్సు నడిపేవాడు. ఒకరోజు బస్సు దిగి వస్తూ మన్నుత్తి నర్సరీ నుంచి ఒక కుండీ మోసుకొచ్చాడు. వెడల్పాటి ఆకులు, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. పువ్వు లేదు, మొగ్గ లేదు.

"ఏం మొక్క?" అంది చేచి.

"ఏదో బయటి దేశంది. పేరు చెప్పాడు గానీ నోరు తిరగలేదు."

"నోరు తిరగనిదాన్ని ఎందుకు తెచ్చావు?"

"నీళ్ళు పోయడానికి నోరెందుకు? చెయ్యి చాలు."

చేచి పోసింది. ఆకు తేడాగా ఉంది కనక పోల్చుకోలేదని ఆయన అనుకున్నాడు. పోల్చుకుందనే నా అనుమానం. పువ్వు వచ్చిన రోజున మాత్రం దాపరికం ఏమీ మిగల్లేదు. అన్నం పళ్ళెమంత పువ్వు. అంచులు చింతపండు రంగు, లోపల పసుపు, గొంతులో ముదురు ఎరుపు. రంగెంత వింతగా ఉన్నా మధ్యలో ఆ కాడ ఎక్కడికి పోతుంది?

చేచి చేట్టన్‌తో మాటలు మానేసింది. ఆయన పాపం కూరలో ఉప్పు లేకపోయినా కిక్కురుమనకుండా తిని బస్సెక్కేవాడు. చేచి ఈసారి కత్తి తీస్తుందని నేను ఎదురుచూశాను. తీయలేదు. ఆ పువ్వు మర్నాటికి ముడుచుకుని రాలిపోయింది. పక్కనే ఇంకో మొగ్గ ఉబ్బుతోంది. అది విచ్చిన పొద్దున చేచి గేటు దగ్గర నిలబడి నన్ను కేకేసింది.

"ఎడీ ఆంధ్రా! ఇలా రా." ఎడీ అంటే ఒసేయ్ అని; నన్ను పేరు పెట్టి ఆవిడ ఏనాడూ పిలవలేదు. "మీ భాషలో దీన్నేమంటారన్నావు?"

గబగబా గేటు దాకా వెళ్ళాను. "మందారం."

"మందారం." ఆవిడ నోట్లో వేసుకుని రుచి చూసినట్టు అంది. "సరే. అయితే ఇది మందారమే."

అలా నా తెలుగు మాట ఒకటి ఆ ఇంట్లో కాపురం పెట్టింది. చేట్టన్ దాన్నే అందుకున్నాడు. శ్రీకల ఆ మాటతోనే పెరిగింది. బళ్ళో టీచరు అడిగితే మందారమని చెప్పి, కాదు చెంబరత్తి అని టీచరు దిద్దితే, ఇంటికొచ్చి ఎవరికీ చెప్పకుండా నాకు మాత్రం చెప్పింది. పూలు చూడటానికి వచ్చిన కొత్తవాళ్ళు, "మందారమన్నారు, తెల్లపూల చెట్టేదీ?" అని వెతుక్కునేవాళ్ళు. చేచి వాళ్ళకి ఏమీ చెప్పేది కాదు. "కళ్ళున్నాయిగా, చూసుకోండి" అనేది.

ఒకటి పదయింది, పది పెరడు నిండా అయ్యాయి. పొగరంగువి, లేత నారింజ రంగులో గులాబీ కన్నున్నవి, ముద్దగా రేకుల మీద రేకులున్నవి. ఎర్రది ఒక్కటీ లేదు. అందరికంటే ముందు పూసే పసుపుపచ్చదానికి, పొద్దున్నే మొదట పోయే బస్సు మీద 'గురువాయూర్ ఫాస్ట్' అని పేరు పెట్టింది. దీపమంత అందంగా మొగ్గేసి, నాలుగు చినుకులు పడితే అలిగి మొగ్గ రాల్చేసుకునేదానికి 'ఆడబిడ్డ' అని పేరు. నిజంగానే గంగాధరన్ చేట్టన్ చెల్లెలు వచ్చినప్పుడు ఆ మొక్క పేరు చెప్పకుండా ఉండటానికి నేను నాలుక కరుచుకోవాల్సి వచ్చేది.

అక్కడి వానల్లో అలాంటి మొక్కల్ని బయట నేల మీద బతికించడం మాటలు కాదు. జూన్‌లో మొదలైతే ఆకాశానికి చిల్లు పడినట్టే. వేరు దగ్గర నీళ్ళు నిలిస్తే మొక్క కుళ్ళిపోతుంది. మొదటి వానాకాలంలో సగం పోయాయి. చేచి ఒక్కదాన్నీ పారేయలేదు, వేరు కడిగి చూసి, ఎక్కడ మెత్తబడిందో తడిమి తెలుసుకుంది. మరుసటేడు ఎర్రరాతి ముక్కలూ కొబ్బరి పీచూ పోసి దిబ్బలు కట్టింది, దిబ్బల మీద నాటింది. చేపలు కడిగిన నీళ్ళు పోసేది. "ఇంటి ముందు పూల వాసన రావాలి, మత్తి చేపల వాసనొస్తోంది" అని చేట్టన్ ముక్కు మూసుకునేవాడు. "ఈ పూలకి వాసనెక్కడుంది? ఏదో ఒకటి రానీ" అనేది ఆవిడ. పిండినల్లి పట్టిన కొమ్మని సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచేటప్పుడు ఆవిడ చేతులు చూసేదాన్ని. చిన్నపిల్ల ముక్కు తుడిచినట్టు తుడిచేది.

ఇక్కడొక తిరకాసుంది. ఆ పెద్ద పూల మొక్కలకి సొంత వేరు బలముండదు. ఊళ్ళో మొండిగా బతికే ఎర్రమందారం వేరు మీద అంటు కట్టాలి. చేచి అంటు కట్టడం నేర్చుకుంది గానీ, కింది మొక్క ఎక్కడిది? గంగాధరన్ చేట్టన్ తెచ్చేవాడు. బస్సు ఆగిన చోటల్లా ఎవరి కంచెలోంచో కొమ్మ అడిగి, దారిలోనే ఆకు, పువ్వు అన్నీ దూసేసి, మోడు పుల్లలు మాత్రమే ఇంటికి తెచ్చేవాడు.

"ఏంటవి?"

"పుల్లలు."

"ఏం పుల్లలు?"

"పుల్లలంటే పుల్లలే."

ఆవిడ ఇంకేం అడిగేది కాదు. పుల్లలు నాటి, వేరూనాక చీల్చి, పైన కొత్తరకం కొమ్మ పెట్టి, పాలపాకెట్టు ప్లాస్టిక్‌తో బిగించి కట్టేది. కట్టిన చోటుకి కిందనుంచి ఎప్పుడైనా చిగురు తొంగిచూస్తే, పొద్దున్నే గోటితో గిల్లిపారేసేది. అది ఎదిగితే పూసేది ఎర్రపువ్వే కదా.

శ్రీకలకి పెళ్ళయింది, కొడుంగల్లూరులో ఇచ్చారు. పెళ్ళిలో చేచి వంటింటి పక్క గదిలోనే ఉండిపోయింది. తాళి కట్టేటప్పుడు వచ్చి నిలబడింది, అంతే. ఆ తర్వాత రెండేళ్ళకి శ్రీకల నీళ్ళోసుకుంది. ఏడో నెలలో పుట్టింటికి పిలుచుకురావాలి. అక్కడే వచ్చింది చిక్కు.

శ్రీకల అత్తగారు విలాసిని చెడ్డమనిషి కాదు. ఫోన్ చేసి మెత్తగానే అంది: ఆసుపత్రి మాకు దగ్గర, పనికి మనిషిని పెడతాం, ఇక్కడే కననివ్వండి. చెప్పనిది ఏమిటో అందరికీ అర్థమైంది. శ్రీకల మొండికేసింది, అమ్మ దగ్గరే కంటానంది. చివరికి, "ఆదివారం నేనే వచ్చి మాట్లాడతాను" అంది విలాసిని. వద్దని చెప్పడానికే వస్తోందని సందులో కాకులక్కూడా తెలుసు.

"వాళ్ళ భయం తప్పు కాదే" అంది చేచి నాతో. పిండినల్లి తుడుస్తోంది, తలెత్తలేదు. "నేనే వద్దని చెప్పేస్తే పోతుందేమో. నా చేతికి పసిబిడ్డనిస్తే..." ఆపేసింది.

నేను మొక్కల వంక చూశాను. అన్నిటికంటే మొదట వచ్చిన, తర్వాత చేచి కొత్త వేరు మీద మళ్ళీ అంటు కట్టుకున్న ఆ చింతపండు రంగు మొక్కకి, అంటు కింద నుంచి మూరెడు కొమ్మ లేచి ఉంది. ఆకులు దట్టంగా, మొగ్గ కూడా ఉంది.

"చేచీ, ఇది చూళ్ళేదా? కింద నుంచి వచ్చేసింది. గిల్లేయనా?"

"దాని జోలికెళ్ళావంటే నీ చెయ్యి గిల్లుతాను."

ఆవిడకి మళ్ళీ ఏదైనా తేడా చేసిందా అని, నిజం చెప్పొద్దూ, నాకు ఒక్క క్షణం భయమేసింది.

ఆదివారం విలాసిని వచ్చింది, వెంట శ్రీకల కూడా వచ్చింది. చేచి పప్పువడలు వేసింది, నేను చాయ అందిస్తున్నాను. వచ్చిన పని ఎలా మొదలుపెట్టాలో తెలియక విలాసిని పెరట్లోకి నడిచింది. గంగాధరన్ చేట్టన్ ముందే ఫోన్‌లో జాగ్రత్తలు చెప్పాడని ఆవిడ నోరు తెరవగానే తెలిసిపోయింది.

"అబ్బబ్బ, ఎంత పెద్ద... హైబిస్కస్సులు!" అంది.

చేచి ఆగి ఆవిడ వంక చూసింది. "ఇంగ్లీషెందుకు విలాసిని చేచీ? మనకి పేరు లేదా?"

విలాసిని చేట్టన్ వంక చూసింది. "అంటే... గంగాధరన్ చేట్టన్ చెప్పారు..." చేట్టన్ వాన వస్తుందేమోనని ఆకాశం చూస్తున్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"చెంబరత్తి అనండి. దాని పేరదే" అంది చేచి.

అన్నేళ్ళుగా ఆవిడ ఎదురింట్లో ఉన్నాను, ఆ మాట ఆ నోటి నుంచి వినడం అదే మొదటిసారి. శ్రీకల పొట్ట మీద చెయ్యేసుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

చేచి ఆ చింతపండు రంగు మొక్క దగ్గరికి తీసుకెళ్ళింది. "పైనున్నది బయటిది. చూడండి, ఇక్కడ కట్టింది నేను. కింద వేరు మాత్రం మన ఊరి చెంబరత్తే. ఇన్ని పువ్వుల్నీ మోసేది అదే. ఈ కొమ్మ దాన్నుంచే వచ్చింది."

"అయితే కొట్టేయాలి కదా? మా తమ్ముడు మామిడికి అలాగే చేస్తాడు."

"కొట్టేయాలి. ఇన్నాళ్ళూ కొట్టేశాను. శ్రీకలకి నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి వదిలేశాను." చేచి ఆ ఆకు ఒకటి తుంచి వేళ్ళ మధ్య నలిపింది, జిగురు సాగింది. "బాలింతకి తలంటాలంటే ఈ ఆకే కావాలి. ఈ పెద్ద పూల ఆకు అందానికే, జిగురుండదు. పంపిస్తారో లేదో తెలీదు. ఆకు మాత్రం ఎదగాలి కదా, అది అప్పటికప్పుడు రాదు."

విలాసిని చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"అడగడానికి వచ్చింది అడగండి" అంది చేచి.

"నాకు భయంగా ఉంది పంకజాక్షీ. అబద్ధం ఎందుకు చెప్పాలి? నీకొచ్చిందే దీనికొస్తే?"

"నాకూ భయమే. మీకంటే ఎక్కువ." చేచి నలిపిన ఆకుని కింద పడేసింది. "కానీ వస్తే, దాన్ని మొదట కనిపెట్టేది ఎవరు? మీరా, జీతానికి వచ్చే మనిషా? నాకు మొదట నిద్రే కరువైంది. ఎవరికీ తెలీలేదు. బిడ్డతల్లికి నిద్రేమిటన్నారు. నా బిడ్డ కళ్ళు చూస్తే నాకు తెలుస్తుంది. నన్ను నమ్మలేకపోతే మీరూ వచ్చి ఇక్కడే ఉండండి. మంచం వేస్తాను."

విలాసిని వంగి ఆ కొమ్మ ఆకుల్ని తాకి చూసింది. తర్వాత ముక్కు చీదుకుంది. "మంచి రోజు చూసి వచ్చి పిలుచుకెళ్ళండి. మా ఇంట్లో ఆకు నూరడం ఎవరికి చేతనవును గనక?" గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఆ పొగరంగుది నాకొకటి అంటు కట్టు. నీళ్ళు నిలిచే నేల మాది, చూసుకో."

ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రిలో బిడ్డని తెచ్చి చేచి చేతుల్లో పెట్టింది విలాసినే. చేచి చేతులు అలవాటుగా వెనక్కి పోయాయి. విలాసిని ఊరుకోలేదు. "పట్టు" అని గదిమి, ఆ వణికే చేతుల కింద తన చేతులు పెట్టి, వణుకు ఆగేదాకా అలాగే ఉంచింది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఇంటికొచ్చాక చేచి కూతుర్ని తిన్నావా అని అడగడం నేను వినలేదు. రోజూ పొద్దున్నే అడిగేది ఒకటే: "పడుకున్నావా?" ఒకరోజు శ్రీకల కాస్త తటపటాయించి, "బిడ్డ పడుకున్నా నాకు కన్ను మూతపడట్లేదమ్మా" అంది. చేచి చీర మార్చుకుంది. బిడ్డని భుజాన వేసుకుంది, కూతురి చెయ్యి పట్టుకుంది, ఆటో కోసం సందు చివరిదాకా నడిచింది. గుమ్మాల్లో కూచున్నవాళ్ళు ఎక్కడికని అడిగితే గొంతు తగ్గించలేదు. "పిల్లకి నిద్ర పట్టట్లేదు. డాక్టరుకి చూపిస్తాను." పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ రాని మనిషి, అందరి కళ్ళ ముందూ తల ఎత్తుకుని నడిచిపోయింది. ముందే తీసుకొచ్చారు, మంచి పని చేశారని డాక్టరు అన్నాడట. అప్పట్నుంచి పాల వేళకి తప్ప బిడ్డ చేచి పక్కలోనే. శ్రీకల కళ్ళ కింద నలుపు మెల్లగా విడిచింది.

పనసపండు కోసిన రోజు తొనలు తీసుకుని వెళ్ళాను. వెనక పెరట్లో బట్టలుతికే రాయి మీద శ్రీకల తల వంచుకుని కూచుంది. చేచి నూరిన ఆకుముద్ద తలకి పట్టించి రుద్దుతోంది. బిడ్డ చాప మీద కాళ్ళాడిస్తోంది. గంగాధరన్ చేట్టన్ దిబ్బలకి నీళ్ళు పెడుతున్నాడు.

"అమ్మా, చెంబరత్తి కళ్ళలో పడింది!" అని అరిచింది శ్రీకల.

అనేశాక తనే బిగుసుకుపోయింది. చేట్టన్ చేతిలో గొట్టం నీళ్ళు ఆయన కాళ్ళ మీదే పడుతున్నాయి, చూసుకోలేదు. ఆ మాట ఇంట్లోకి రాకుండా కాపలా కాసీ కాసీ ముసలివాడైపోయిన మనిషి. భార్య మొహం వంక చూస్తున్నాడు.

చేచి చెంబుతో నీళ్ళు తీసి కూతురి కళ్ళు కడిగింది. "మూసుకోమని చెప్పానా లేదా? చెంబరత్తి కళ్ళలో పడితే చచ్చిపోరు." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నువ్వేంటి అలా నిలబడ్డావు? ముద్ద చాల్లేదు. ఇంకాస్త కోసుకురా. ఆకులు. పుల్లలు కాదు."

ఆయన గొట్టం కింద పడేసి మొక్క దగ్గరికి వెళ్ళాడు. ఆకులు కోస్తూ మాకు వీపు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. కోయాల్సినదానికంటే ఎక్కువే కోసుకొచ్చాడు, ఒక ఎర్రపువ్వు కూడా దాంట్లో ఉండిపోయింది. చేచి దాన్ని తీసి చాప మీద బిడ్డ గుప్పిట్లో పెట్టింది.

ఇప్పుడు ఆ ఇంట్లో అందరూ చెంబరత్తి అనే అంటారు. మందారమనే మాట మళ్ళీ నా ఒక్కదాని దగ్గరికే వచ్చేసింది.